సైదా మేస్త్రి దాక్కున్న ఊళ్లు

పల్నాడు వెళ్తున్నానని చెప్పగానే మా విజయనగరంలో కొందరు ఎండ గురించి, కొందరు కారం గురించి హెచ్చరించారు. ముఠా తగాదాలు జాగ్రత్త అన్నవాళ్లూ ఉన్నారు. తిరిగొచ్చి నెల దాటింది. ఎండ నిజమే. కారం అంతకంటే నిజం. తగాదాల సంగతి మాత్రం నేను భయపడిన రూపంలో ఎదురుకాలేదు. ఎదురైన రూపం గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీస్తుంటాను. ఎమర్జెన్సీ రోజుల్లో నరసరావుపేటలో సైదా అనే హమాలీల నాయకుడు ఉండేవాడని, సమ్మె అన్న మాట పలికినా జైల్లో వేస్తున్న ఆ కాలంలో పోలీసుల కళ్లెదుటే శివరాత్రి ప్రభ మీదెక్కి మాట్లాడాడని ఓ స్నేహితురాలు చెప్పింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఫొటోలు కూడా పెద్దగా లేవు. ఆయన మాట్లాడిన చోటు, దాక్కున్న చోటు, పట్టుబడిన చోటు చూసి, ఆయన్ని ఎరిగినవాళ్లతో మాట్లాడి సినిమా తీద్దామని నేనూ, మా కెమెరామన్ ప్రకాశ్ శివరాత్రికి కాస్త ముందుగా కారులో బయల్దేరాం.

నరసరావుపేట

చుట్టుపక్కల ఊళ్లవాళ్లెవరూ నరసరావుపేట అనరు. పేట అంటారు. పేటకు పోయొచ్చా, పేటలో చూపించుకున్నా, పేటలో చదివించా. అక్కడ మా మొదటి పరిచయం ఇడ్లీతో. మార్కెట్ దగ్గర బండి మీద ప్లేటు ముప్ఫై రూపాయలు. వేడి ఇడ్లీల మీద కారప్పొడి ధారాళంగా చల్లి, దాని మీద నెయ్యి పోసి, ఇంకా చాలదన్నట్టు పక్కన అల్లం పచ్చడి వేశాడు. మేం పులుసులో కూడా బెల్లం ముక్క వేసుకునే జిల్లావాళ్లం. ప్రకాశ్ కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే బండాయన నవ్వకుండా గ్లాసుడు మజ్జిగ తెచ్చి ముందు పెట్టాడు. ఎంతివ్వాలని అడిగితే, మజ్జిగకి డబ్బులేంది అన్నాడు.

ఇక్కడ ‘ముఠా’ అన్న మాటకు ఇంకో అర్థం ఉందని ఆ ఉదయమే తెలిసింది. కలిసి బస్తాలు మోసే హమాలీల జట్టును ముఠా అంటారు. దాని పెద్ద మేస్త్రి. సైదా అలాంటి ఒక ముఠాకు మేస్త్రిగా మొదలై పేటలో ఉన్న ముఠాలన్నిటికీ పెద్దదిక్కయ్యాడు.

ఆయనతో పనిచేసినవాళ్లలో మాట్లాడగలిగిన స్థితిలో మిగిలింది సుబ్బయ్య ఒక్కడే అన్నారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. బస్తా మోయడం మానేసి చాలా కాలమైనా రోజూ పొద్దున్నే హమాలీలు కూర్చునే రేకుల షెడ్డుకు వస్తాడు. కుడి భుజం ఎడమ భుజం కంటే ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. నన్ను చూసి ముందు అడిగింది సైదా గురించి కాదు, అన్నం తిన్నారా అని.

సుబ్బయ్య కథ చెప్పడంలో దిట్ట. ఎమర్జెన్సీ వచ్చిన ఏడాది మిల్లుల వాళ్లు బస్తా కూలి తగ్గించారట. ఎందుకని అడిగిన ఇద్దరిని మర్నాడే పోలీసులు పట్టుకుపోయారు. సైదా మీద వారెంటు వచ్చింది. ఆయన కనపడకుండా పోయాడు. మేస్త్రి లేకపోయేసరికి జనం డీలాపడ్డారు. ఆయన పారిపోయాడని, డబ్బులు తీసుకున్నాడని పుకార్లు లేచాయి. నలుగురు కలిసి నిలబడితే చెదరగొట్టే రోజులు. ఎక్కడ మాట్లాడాలి, ఎవరికి చెప్పాలి? అప్పుడు శివరాత్రి వచ్చింది.

గంటసేపు రికార్డు చేశాక తెలిసింది, పక్కనే నిలిపిన లారీ ఇంజను శబ్దం తప్ప మాకేమీ రికార్డు కాలేదని. ప్రకాశ్ తల పట్టుకున్నాడు. సుబ్బయ్య మాత్రం విసుక్కోలేదు. “కొండకాడికి పోదాం పా అమ్మాయ్. జరిగిన చోటే చెప్తా” అన్నాడు.

కోటప్పకొండ

ప్రభ అంటే మా వైపు వాళ్లకు చెప్పడం కష్టం. మా జాతరలో ఊరేగించే సిరిమాను ఎంత ఎత్తో అంతకంటే ఎత్తు. వెదురుతో, కర్రలతో గోపురంలాగా కట్టి, రంగు బట్టలు చుట్టి, అద్దాలు, బొమ్మలు అతికించి, బండి మీద నిలబెట్టి తాళ్లతో లాక్కుంటూ వస్తారు. ఒక్కో ఊరికి ఒక్కో ప్రభ. ఇప్పుడు వాటికి విద్యుత్ దీపాలు, జనరేటర్లు, చెవులు చిల్లులు పడే స్పీకర్లు వచ్చాయి. కొన్ని ప్రభలు ఎన్ని వారాలు కష్టపడి కడతారో వింటే ఆశ్చర్యం వేసింది. మిరపకోతలు ముమ్మరంగా సాగే సమయంలో, మనిషి దొరకడమే కష్టమైన రోజుల్లో, కూలి తీసుకోకుండా వచ్చి కడతారు.

కొండ మీద కాకులు వాలవని ఇక్కడివాళ్ల నమ్మకం. మెట్లెక్కేటప్పుడు ప్రకాశ్ ఆకాశం కేసి చూస్తూనే ఉన్నాడు. నిజంగానే ఒక్క కాకీ కనబడలేదు. అన్ని స్పీకర్ల మోతలో ఏ పక్షీ రాదని అతని వాదన.

కింద మైదానంలో, జనం కాస్త పలచగా ఉన్న చోట సుబ్బయ్య నిలబడి చుట్టూ చూసుకున్నాడు. “ఈడనే” అన్నాడు. ఈసారి మైకు ఆయన చొక్కాకు తగిలించాం.

ఆ ఏడాది హమాలీలు తమకంటూ ఒక ప్రభ కట్టుకున్నారు. మొక్కు ఉందని చెప్పారు. ప్రభను ఆపే ధైర్యం పోలీసులకు కూడా లేదు. బండి మీద బుర్రకథ దళం కూర్చునే తాటాకు పందిరి. ఆ పందిరి అడుగున, పరదా వెనక సైదా. ఆయనకు తలపాగా చుట్టి, నుదుటి మీద విభూతి పెట్టింది సుబ్బయ్యే. ముసల్మాను మనిషికి విభూతి పెడుతున్నందుకు సుబ్బయ్య చెయ్యి తటపటాయించిందట.

“అప్పుడు మేస్త్రి నవ్విండమ్మా. దేవుడు నన్ను గుర్తుపడతాడు లేరా, పోలీసోళ్లు గుర్తుపట్టకుంటే చాలన్నాడు.”

తిరనాళ్ల మధ్యలో బుర్రకథ ఆగింది. పరదా తొలగించుకుని సైదా లేచి మైకు పట్టుకున్నాడు. చుట్టూ తాళ్లు పట్టుకున్న హమాలీలు దగ్గర దగ్గరగా జరిగారు. ఎంతసేపు మాట్లాడాడని అడిగాను. చుట్ట వెలిగించుకున్నంతసేపు కూడా కాదన్నాడు సుబ్బయ్య. ఏం మాట్లాడాడని అడిగితే ముసలాయన వెన్ను నిటారుగా పెట్టి చెప్పాడు.

“నేను పారిపోలా, ఈడనే ఉన్నానన్నాడు. కూలి ఎందుకు తగ్గించారని అడిగితే జైలంటన్నారు, అడక్కపోతే పిల్లల కడుపు మాడతంది. నేను అడిగే జైలుకు పోతా. మీరు మాత్రం అడగటం మానొద్దన్నాడు. అంతేనమ్మా.”

పోలీసులు జనాన్ని తోసుకుని వచ్చేలోగా సైదా ఆ జనంలోనే కలిసిపోయాడు. పత్తి బోరేలు, అంటే పెద్ద గోనె మూటలు, వేసుకున్న లారీ ఒకటి గురజాల వైపు పోతుంటే, బోరేల మధ్య ఖాళీ చేసి ఆయన్ని కూర్చోబెట్టి సుబ్బయ్య కూడా వెళ్లాడు. అక్కడ రామకోటయ్య అనే రైతు ఇంట్లో దించాడు. ఓ ఏడాది రామకోటయ్య పేటకు తెచ్చిన పత్తి వానకు తడిసిపోబోతుంటే, పని వేళ దాటినా సైదా ముఠా మొత్తాన్ని పిలిచి షెడ్డులోకి మోయించాడట. ఆ పరిచయం. రామకోటయ్యది ఎమర్జెన్సీ పెట్టిన పార్టీయే. ఆ ఇంట్లో వెతకరని సైదా లెక్క.

“ఆ లెక్కే తప్పింది” అన్నాడు సుబ్బయ్య. అంతవరకూ మెరిసిన మొహం నల్లబడింది. “మేస్త్రిని పట్టిచ్చింది ఆ రామకోటయ్యే. పోలీసోళ్లు ముందు ఆయన్నే తీస్కపోయారు. మేస్త్రి అరెస్టయిన రోజే ఆయన్ని వదిలారు. ఇంక చెప్పేదేముంది?”

ఎమర్జెన్సీ పోయాక సైదా జైలు నుంచి వచ్చాడు. రామకోటయ్యను ఏమీ అనొద్దని ఒక్కటే మాట అన్నాడట. కారణం చెప్పలేదు. కానీ రామకోటయ్య పత్తి బండి పేటకు వచ్చిన రోజు ఏ ముఠా ఆ బస్తాలు ముట్టుకోలేదు. సైదా ఒక్కడే వెళ్లి ఒక్కొక్కటీ మోసి లోపల పెట్టాడు. తర్వాత ఆ బండి మళ్లీ పేటకు రాలేదు.

“అంత మంచోడమ్మా మా మేస్త్రి. శత్రువు బస్తా కూడా మోసిండు” అన్నాడు సుబ్బయ్య.

కొండ ప్రసాదం అరిసెలు. నెయ్యి కారుతూ ఉంటాయి. ఆ సాయంత్రం అవి తింటూ ప్రకాశ్, మన సినిమా దొరికింది అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ప్రభ, ప్రసంగం, నమ్మకద్రోహం, క్షమ. అంతా కళ్లముందు కనిపిస్తోంది.

గురజాల

శివరాత్రి అయ్యాక గురజాల దారి పట్టాం. పేట దాటి కొంత దూరం పోగానే నేల తీరు మారుతుంది. చేల గట్ల మీద కంచెకు బదులు నాపరాళ్లు నిలువునా పాతి ఉంటాయి. ఇళ్ల అరుగులు నాపరాయి, పశువుల కొట్టం కప్పు నాపరాయి. మాకు కొబ్బరి చెట్టు ఎలాగో వీళ్లకు ఈ రాయి అలాగ. కళ్లాల్లో ఎర్రటి మిరపకాయలు ఎకరాల కొద్దీ ఆరబోసి ఉన్నాయి. కారు అద్దం దించగానే ఇద్దరం తుమ్మడం మొదలుపెట్టాం. కళ్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

రామకోటయ్య పోయారు. కొడుకు శ్రీనివాసరావుకు అరవై దగ్గర పడుతున్నాయి. మిరప, పత్తి వేస్తాడు. గేటు దగ్గర మమ్మల్ని చాలా మర్యాదగా పలకరించి, కుర్చీలు వేసి, మంచినీళ్లు ఇచ్చాడు. నేను సైదా పేరు ఎత్తగానే గ్లాసు తీసుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. “ముందు అన్నం తినండి” అన్నాడు.

ఆయన భార్య పద్మ వడ్డించింది. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, దాంట్లోకి పచ్చి ఉల్లిపాయ, చల్ల మిరపకాయలు, గడ్డ పెరుగు. మా వైపు అతిథిని తినమని బతిమాలతారు. ఇక్కడ బతిమాలరు, విస్తరిలో వేసేస్తారు. వద్దని చెయ్యి అడ్డం పెడితే చెయ్యి పక్కకు తీసి మరీ వేస్తారు. శ్రీనివాసరావు మాతోపాటే కూర్చుని తిన్నాడు.

చేతులు కడుక్కున్నాక సూటిగా చెప్పాడు. సైదా గారి మీద సినిమా తీయడం మంచిదే. తీసుకోండి. మా నాన్న పేరు మాత్రం అందులో రాకూడదు. మా ఇల్లు చూపించకూడదు. మీరు పేట మీదుగా వచ్చారు కాబట్టి అక్కడ ఏం విన్నారో నాకు తెలుసు. దాని మీద నేను చెప్పేదేమీ లేదు.

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకేమీ అడగలేకపోయాను. పద్మ మాత్రం వెళ్లేటప్పుడు ఎండుమిరపకాయల సంచీ ఒకటి బలవంతంగా కారులో పెట్టింది.

మాచర్ల

సైదా భార్య హుసేన్‌బీ మాచర్లలో కూతురింట్లో ఉంటుంది. అల్లుడిది మోటారు రిపేరు షాపు. కూతురు మిషను కుడుతుంది. సందులోకి కారు పోదు. నడిచి వెళ్తుంటే ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు ఎవరింటికని అడిగి, దారి చూపించి, వెనకే నాలుగడుగులు వచ్చారు. మా ఊళ్లో పక్కింటికి ఎవరొచ్చినా కిటికీలోంచి చూస్తాం. ఇక్కడ ఎదురొచ్చి అడుగుతారు. ఇదే నయమనిపించింది.

హుసేన్‌బీ బక్కపలచటి మనిషి. కళ్లు చాలా చురుకు. మంచం మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తూ మా గురించి అంతా అడిగి తెలుసుకుంది. బగారా అన్నం, దాల్చా పెట్టింది. దాల్చాలో సొరకాయ ముక్కలు, మాంసం కలిసి ఉడికి ఏది ఏదో తెలియకుండా పోయాయి. పల్నాడులో అడుగుపెట్టాక ప్రకాశ్ నీళ్లు తాగకుండా చేసిన మొదటి భోజనం అదే.

కెమెరా ముందు ఆమె ఏ బెరుకూ లేకుండా మాట్లాడింది. పెళ్లయిన కొత్తలో సైదా రాత్రి ఇంటికొచ్చి భుజం చూపించేవాడని, ఆమె వేడి ఉప్పు మూట కాచేదని. ముఠాలో ఎవరికి జబ్బు చేసినా ముందు వాళ్లింటికి పోయి, తర్వాత సొంత ఇంటికి వచ్చేవాడని. జైల్లో ఉండగా క్షమాపణ రాసిస్తే వదిలేస్తామన్నారట. తప్పు చేసినోళ్లు రాయాల అని తిరస్కరించాడట. ఆయన లేని రోజుల్లో పేట హమాలీలు తలా కాస్త బియ్యం వేసుకుని పంపించేవాళ్లని చెప్పింది.

అరెస్టు సంగతి అడిగాను. ఆమె వెల్లుల్లి గంప పక్కన పెట్టింది.

“గురజాల పోయొచ్చారా? ఆ అబ్బాయి ఏమన్నాడు?”

తండ్రి పేరు వద్దన్నాడని చెప్పాను.

“అయితే నేనూ చెప్పకూడదు. వాళ్ల నాయనకి మా ఆయన మాటిచ్చిండు. ఆ ఇంటోళ్లు ఒప్పుకుంటేనే నేను నోరు తెరుస్తా.”

ఎంత అడిగినా అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. ఆమె కూతురు నవ్వి, నేను ఊహ తెలిసినప్పటి నుంచీ అడుగుతున్నా, నాకే చెప్పలేదు అంది.

మాట ఇచ్చాడా? పట్టించినవాడికి మాట ఇవ్వడమేమిటి? చెన్నకేశవ స్వామి గుడి దగ్గర టీ తాగుతూ ఇద్దరం వాదించుకున్నాం. ప్రకాశ్‌ది ఒకటే మాట. సుబ్బయ్య చెప్పినది మన దగ్గర ఉంది. అది పేటలో అందరూ నమ్మే కథ. రామకోటయ్య పేరు తీసేసి, ఒక రైతు అని చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంటికి పోదాం. అతను అన్నది తప్పు కాదు. ఆ కథ సినిమాకు ఎంత బాగా నప్పుతుందో నాకూ తెలుసు. కానీ పేరు తీసేసినంత మాత్రాన పేటలో ఎవరికి తెలియదు? శ్రీనివాసరావు గ్లాసు పట్టుకుని ఆగిపోయిన తీరు నన్ను వదల్లేదు. మళ్లీ గురజాల పోదామన్నాను.

పంక్చర్ షాపు

గురజాల పొలిమేరలో టైరు పంక్చరైంది. షాపు పెట్టుకున్న కుర్రాడు మమ్మల్ని వివరాలడిగి, శ్రీనివాసరావు పేరు చెప్పగానే, ఆయన మా బాబాయ్ లాంటోడు అంటూ మేం వద్దనేలోపే ఫోన్ కలిపేశాడు. టైరు ఊడదీసేలోగా శ్రీనివాసరావు బండి మీద వచ్చి ఆగాడు.

బల్ల మీద నా పక్కన కూర్చుని టీ చెప్పాడు. హుసేన్‌బీ అన్న మాట యథాతథంగా చెప్పాను. 

ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఇంట్లో ఎవరో చుట్టం వచ్చి గడ్డివామి పక్క గదిలో ఉన్నట్టు గుర్తు. ఆ చుట్టం తనకు తాటాకుతో గాలికి తిరిగే గిలక చేసి ఇచ్చాడు. ఓ రోజు జీపొచ్చి నాన్నను తీసుకుపోయింది. తిరిగొచ్చాక నాన్న కుంటేవాడు. బండి మీద నుంచి పడ్డానని అందరికీ చెప్పాడు. ఇంటర్ చదవడానికి పేట వెళ్తే, హాస్టల్లో ఒక హమాలీ కొడుకు అందరి ముందూ మీ నాన్న మేస్త్రిని పట్టించాడన్నాడు. చదువు మధ్యలో మానేసి వచ్చేశాడు. ఎందుకని తండ్రి ఎన్నిసార్లు అడిగినా, నచ్చలేదని మాత్రమే అన్నాడు.

“ఆయన్ని అడగలేకపోయా అమ్మా. దెబ్బలకి తట్టుకోలేక చెప్పానంటాడేమోనని భయం. మా నాన్న పోయేదాకా పక్కనే ఉన్నా. అడగలా.”

అడుగుదామా మరి అన్నాను. ఆయన లేచి బండి తాళం ఆ కుర్రాడికిచ్చి ఇంట్లో పెట్టమన్నాడు. పద్మకు ఫోన్ చేసి మాచర్ల పోతన్నా, అన్నానికి చూడొద్దని చెప్పాడు. ఏ మాటైనా సరే వింటానన్నాడు మాతో.

మళ్లీ మాచర్ల

దారి పొడుగునా శ్రీనివాసరావు మాకు కుడి కాలువ నీళ్ల గురించి, ఈ ఏడాది మిరప ధర గురించి చెబుతూనే ఉన్నాడు. సందు మొదట్లో కారు దిగి నడిచాం.

హుసేన్‌బీ అతన్ని చూడగానే గుర్తుపట్టింది. తండ్రి పోలికట. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ప్రకాశ్ కెమెరా బయటకు తీయబోతే, ముందు ఈ అబ్బాయికి చెప్పాల, తర్వాతే మీకు అంది. కెమెరా సంచీలోనే ఉండిపోయింది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

గురజాలలో ఎవరో సైదాను చూశారని అనుమానం రాగానే రామకోటయ్య ఆయన్ని తన బండిలో మాచర్లకు, హుసేన్‌బీ పుట్టింటికి చేర్చాడు. తర్వాత పోలీసులు వచ్చి రామకోటయ్యను తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. కొట్టారు. సైదా ఎక్కడున్నాడో చెబితే వదిలేస్తామన్నారు. ఆ కబురు లారీ డ్రైవరుగా పనిచేసే హుసేన్‌బీ అన్న మోసుకొచ్చాడు. అది విన్న సైదా అన్నం ముందు నుంచి లేచాడు.

“నేను అడ్డం నిలబడ్డా నాయనా. ఇదిగో ఈ పిల్ల అప్పుడు చంటిది, నా ఒళ్లో ఉంది. పోవద్దన్నా. పిల్ల మీద ఒట్టేశా. ఆయన తినే దెబ్బలు నాయి, నేను ఈడ కూకుని అన్నం ఎట్టా తినేది అన్నాడు. పిల్ల తల మీద చెయ్యి పెట్టి పోయిండు. స్టేషనుకి నడిచే పోయిండు. నేను సైదాని, ఆ రైతును వదలండి అన్నాడంట.”

మిషను ముందు కూర్చున్న కూతురు చేతిలో బట్ట అలాగే పట్టుకుని తల్లి కేసే చూస్తోంది. ఆమె కూడా మొదటిసారి వింటోంది.

శ్రీనివాసరావు ఒక్కటే అడిగాడు. “మా నాన్న చెప్పలేదా?”

“చెప్పుంటే మా ఆయన నడిచి పోవాల్సిన పనేముంది నాయనా? జీపు నేరుగా మా పుట్టింటికే వచ్చేది.”

ఆయన మంచం మీద నుంచి జారినట్టుగా నాపరాళ్ల నేల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. హుసేన్‌బీ అతని తల మీద చెయ్యి వేసి ఉంచింది. 

తర్వాత మిగతా సంగతి చెప్పింది. జైలు నుంచి వచ్చాక సైదా గురజాల వెళ్లాడు. నిజం పేటలో నలుగురికీ చెబుతానన్నాడు. రామకోటయ్య వద్దన్నాడు. ఊళ్లో రెండు వర్గాలు కత్తులు నూరుకుంటున్న రోజులు. ప్రభుత్వానికి ఎదురు తిరిగినవాణ్ణి దాచాడని తెలిస్తే సొంత వర్గమే ఆయన్ని వదిలేస్తుంది. అవతలి వర్గం పిల్లల్ని కూడా బతకనివ్వదు. పేటలో ద్రోహి అంటే అననీ, నా పిల్లలు ఇక్కడ పెరగాలి కదా, నా మాట ఎక్కడా ఎత్తొద్దని ప్రమాణం చేయించుకున్నాడు. తన వాళ్లు తప్పుగా అనుకుంటున్నారని తెలిసీ సైదా చచ్చేదాకా ఆ ప్రమాణం మోశాడు. ఆయన పోయాక ఈమె మోసింది.

టీ తాగాక శ్రీనివాసరావు మొహం కడుక్కుని వచ్చి, ఇప్పుడు కెమెరా పెట్టుకోండి, మా నాన్న పేరు రామకోటయ్య, అదే పేరు పెట్టండి అన్నాడు. హుసేన్‌బీ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఆమె పక్కన అతను కూడా ఉన్నాడు. నేను ఇన్నేళ్లలో చాలా మంది ధైర్యవంతుల గురించి విన్నాను. ఒకరి కోసం ఒకరు దెబ్బలు తినడానికి పోటీపడి, ఆ తర్వాత ఆ సంగతి బయట ఒక్కరికీ చెప్పుకోకుండా బతికిన ఇద్దరు మనుషుల గురించి వినడం అదే మొదటిసారి.

తిరుగు దారి

పేటకు వచ్చి నేరుగా హమాలీల షెడ్డుకు వెళ్లాం. సినిమా పూర్తయ్యాక చూపించవచ్చు. అంత కాలం సుబ్బయ్యను ఆ నమ్మకంతో ఉంచడం నాకు ఇష్టం లేకపోయింది. మధ్యాహ్నం పని ఆగిన వేళ. ల్యాప్‌టాప్ బస్తాల మీద పెట్టి, ఎండ పడకుండా తుండుగుడ్డ కప్పి చూపించాం. సుబ్బయ్య చుట్టూ మరికొందరు హమాలీలు వంగి చూశారు. హుసేన్‌బీ, జీపు నేరుగా మా పుట్టింటికే వచ్చేది అన్నప్పుడు ముసలాయన చెయ్యెత్తి ఆపమన్నాడు. వెనక్కి తిప్పించి ఆ మాట మళ్లీ విన్నాడు.

అయిపోయింది. వాళ్లలో ఒకతను, ఆ మనిషిని మా నాయన కూడా తిట్టేవాడు అని మెల్లగా అన్నాడు. సుబ్బయ్య లేచి కుళాయి దగ్గరకు వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. తిరిగొచ్చి, ఆ అబ్బాయి ఫోన్ కలపగలవా అని నన్ను అడిగాడు. కలిపి స్పీకర్‌లో పెట్టి ఇచ్చాను. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“బాబూ, పేట నుంచి హమాలీ సుబ్బయ్యని. మీ నాయన్ని మేం చానా మాటలన్నాం. ఆయనకి చెప్పుకుందామంటే ఆయన లేడు. మీ ఇంటికి రావాలనుంది. రానిస్తావా?”

 అవతల కళ్లంలో ఎవరో మాట్లాడుకుంటున్న శబ్దం వినపడింది. తర్వాత శ్రీనివాసరావు గొంతు వచ్చింది.

“అడగాలా పెదనాన్నా? ఏ బస్సుకొస్తన్నావో చెప్పు, స్టాండుకొస్తా.”

సుబ్బయ్య ఫోన్ నా చేతికిచ్చి చెప్పులు వేసుకున్నాడు. ఇప్పుడేనా అని అడిగితే, ఇంకెప్పుడు అన్నాడు. ప్రకాశ్ అప్పటికే కారు తీస్తున్నాడు.